చంద్రశిల ఎక్కే ముందు బంగాళాఖాతం చూడండి

దసరా సెలవుల్లో హిమాలయాలను దగ్గరగా చూడాలి, కానీ టెంట్లు మోసే ఓపిక లేదు అనుకునేవాళ్లకు ఉత్తరాఖండ్‌లోని చంద్రశిల సరిగ్గా సరిపోతుంది. చోప్తాలో, దాదాపు 2,700 మీటర్ల ఎత్తున నడక మొదలవుతుంది. రాళ్లు పరిచిన దారిలో నాలుగు కిలోమీటర్లలోపే పంచ కేదారాలనే ఐదు శివాలయాల్లో ఒకటైన తుంగనాథ్ గుడి. అది దాటి ఇంకో కిలోమీటరున్నర నిటారుగా ఎక్కితే శిఖరం, సుమారు 4,000 మీటర్లు. సాయంత్రానికి మళ్లీ చోప్తాలో వేడివేడి రొట్టె తినొచ్చు.

అక్టోబరే ఎందుకంటే, అప్పటికి వానలు గాలిలోని దుమ్మునీ పొగనీ కడిగేసి వెళ్లిపోతాయి. ఆ తర్వాత మిగిలేది పొడిగాలి. గాలిలో తేమ ఎక్కువుంటే సన్నటి రేణువులు దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, వెలుతురును చెదరగొడతాయి. మనకు కనిపించే మసక అదే. తేమ తగ్గితే డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్న నందాదేవి కూడా కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. ఎదురుగా చౌఖంబా శిఖరం ఎలాగూ ఉంటుంది.

ఈ స్పష్టత రోజంతా నిలవదు. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలు వేడెక్కి, లోయలోని గాలి పైకి లేచి, చల్లబడి మబ్బు కడుతుంది. మధ్యాహ్నానికి శిఖరాలు దాక్కుంటాయి. అందుకే చాలామంది సూర్యోదయం కోసం తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరతారు. నాకది అంత తెలివైన పని అనిపించదు. మబ్బులేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది, రాతి పలకల మీద తేమ గడ్డకడుతుంది. టార్చి వెలుగులో తళుక్కుమనేది తడి అనుకుని కాలు వేస్తే జారడమే. కాస్త వెలుగొచ్చాక బయలుదేరినా తొమ్మిదిన్నరకల్లా పైనుంటాం, మబ్బులకంటే ముందే.

పైకెళ్లాక బ్యాగులోని చిప్స్ ప్యాకెట్ తీసి చూడండి, బెలూన్‌లా బిగుసుకుని ఉంటుంది. లోపల కింది గాలి, బయట పల్చటి గాలి. 4,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సుమారు 60 శాతమే. ఆక్సిజన్ వాటా 21 శాతమే అయినా ఒక్కో ఊపిరికి అందేది ఆ మేరకు తగ్గుతుంది. ఎత్తుకు వచ్చే తలనొప్పి, వికారం సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతాయి. ఒక్కరోజు నడకలో ఆలోపే దిగిపోతాం కాబట్టి కొంత నయం. అసలు తేడా పడుకునే చోట వస్తుంది. హైదరాబాద్ నుంచి విమానంలో వచ్చి మర్నాడే చోప్తాలో పడుకునే బదులు, ఒక రాత్రి కింద ఊఖీమఠ్‌లో ఆగితే ఒంటికి అలవాటయ్యే సమయం దొరుకుతుంది. తలనొప్పితో లేస్తే ఆ రోజు ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా వెంటనే కిందికి దిగాల్సిందే.

ఇక బంగాళాఖాతం సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో మనకు గుర్తుంది. బలహీనపడిన ఆ తుపానే రెండు రోజుల తర్వాత నేపాల్ చేరి, అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచు కురిపించింది. విరిగిపడిన మంచు చరియల్లో, మంచు తుపానులో నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది థొరాంగ్ లా కనుమ దారిలో ఉన్నవాళ్లే. శరత్కాలపు నీలాకాశం, మన తుపానుల కాలం రెండూ ఒకే నెలల్లో వస్తాయి. కాబట్టి చోప్తా వాతావరణం ఒక్కటే చూసుకుంటే చాలదు. విశాఖ దగ్గర అల్పపీడనం ఉందా, ఉంటే ఎటు కదులుతోందో కూడా చూసుకుని, ఒక రోజు అదనంగా ఉండేలా తిరుగు టికెట్ తీసుకోండి.