బత్తాయి తొక్కలు, కుంపటి బొగ్గు, మధ్యలో బోలెడు నీళ్లు

మా వీధి చివర బత్తాయి జ్యూస్ బండి ఒకటుంది. ఎండాకాలం రాత్రి బండి కట్టేసే వేళకి పక్కన గోనె సంచి నిండా తొక్కలు ఉంటాయి, కత్తితో చెక్కిన మందపాటి తొక్కలు, లోపలి తెల్లటి పొరతో సహా. ఒకరోజు తూకం వేయిస్తే 10 కిలోల పైనే తేలాయి. పొద్దున చెత్త ఆటో వచ్చేలోపు వాటి చుట్టూ ఈగలు, పులిసిన వాసన. ఈ తొక్కలతో కుంపట్లోకి బొగ్గు చేయొచ్చని చాలాసార్లు చదివాను, వీడియోలు చూశాను, అన్నిట్లోనూ అది అరగంట పనిలాగే కనిపిస్తుంది. రెండు వేసవులు స్వయంగా చేసి చూశాక చెబుతున్నాను: చేయొచ్చు, పనికొచ్చే బొగ్గే వస్తుంది, కాకపోతే ఆ వీడియోల్లో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది, కష్టమంతా అక్కడే ఉంది. నీళ్లు.

బత్తాయి తొక్కని వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర మడిచి గట్టిగా నొక్కి చూడండి (కళ్లకి దూరంగా పెట్టుకుని). చిటపటమంటూ రవ్వలు లేస్తాయి, కాకరపువ్వొత్తి కాల్చినట్టు. తొక్క మీద కనిపించే సన్నటి చుక్కలన్నీ నూనె తిత్తులు, వాటిలో ఎక్కువగా ఉండేది లిమోనిన్, అది చక్కగా మండుతుంది. ఇప్పుడు అదే తొక్కని మండే పొయ్యిలో పడేయండి. బుస్సుమని ఆవిరి కక్కి, పొయ్యినంతా పొగతో నింపి, కింద ఉన్న నిప్పుని కూడా చల్లార్చేస్తుంది. పై పొరలో కాస్త నూనె ఉంది సరే, దాని వెనక ఉన్నదంతా నీళ్లతో నానిన స్పాంజి.

కిలో పచ్చి తొక్కల్లో 750 నుంచి 800 గ్రాములు నీళ్లే ఉంటాయి. 30 డిగ్రీల దగ్గరున్న ఒక కిలో నీటిని మరిగించి పూర్తిగా ఆవిరి చేయాలంటే సుమారు 2,550 కిలోజౌళ్ల వేడి కావాలి. ఇందులో మరిగే దాకా కాగడానికి పట్టేది 300 లోపే, మిగతాదంతా మరిగే నీరు ఆవిరిగా మారడానికే పోతుంది, అందుకే అన్నం ఎసరు పొంగడం త్వరగా జరుగుతుంది కానీ ఆ గిన్నెడు నీళ్లూ ఇగిరిపోవాలంటే చాలాసేపు పడుతుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. కిలో తొక్కల్లోని 800 గ్రాముల నీటిని మంట పెట్టి తరమాలంటే 2,000 పైచిలుకు కిలోజౌళ్లు ఖర్చు. మిగిలే 200 గ్రాముల ఎండు తొక్కని మొత్తం కాల్చినా వచ్చేది 3,400 దరిదాపుల్లో. అంటే రాబడిలో అరవై శాతం ఆరబెట్టడానికే సరి. అరటి తొక్క అయితే ఇంకా అన్యాయం, అందులో నీళ్లు 90 శాతం దాకా ఉండొచ్చు, అప్పుడు ఆరబెట్టడానికి 2,300 ఖర్చు పెడితే చేతికొచ్చేది 1,700. పచ్చి అరటి తొక్కని కట్టెల మంట మీద ఆరబెట్టి బొగ్గు చేసేవాళ్లు ఇంధనం తయారుచేయడం లేదు, ఉన్న ఇంధనాన్ని పోగొట్టుకుంటున్నారు.

కాబట్టి ఆరబెట్టే పని ఎండే చేయాలి. ఆ విషయంలో మనకి లోటు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో డాబా మీద తొక్కలు ఒక్క వరసగా, ఒకదాని మీద ఒకటి పడకుండా, తెల్ల పొర పైకి ఉండేలా పరిస్తే మూడు రోజుల్లో పెళుసుబారిపోతాయి. పాత దుప్పటి మీద పరవడం కన్నా నవారు మంచం మీదో, ఇటుకల మీద ఎత్తిపెట్టిన దోమతెర జాలీ మీదో వేస్తే కింద నుంచి కూడా గాలి ఆడి త్వరగా ఎండుతాయి. కుప్పగా పోస్తే మాత్రం రెండో రోజుకే లోపల ఆకుపచ్చ బూజు పడుతుంది. ఎండింది లేనిదీ చెవితో తెలుస్తుంది. చేత్తో విరిస్తే అప్పడంలా ఫట్‌మని విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. నేను కొలిచిన మొదటిసారి 10 కిలోలు 2 కిలోల 300 గ్రాములయ్యాయి. పోయిన 7 కిలోల 700 గ్రాములూ సూర్యుడు ఉచితంగా పట్టుకెళ్లిన నీళ్లు.

ఇక కాల్చడం. నిజానికి ఇది కాల్చడం కాదు, కాలనివ్వకుండా వేడి చేయడం. గాలి తగిలితే తొక్క మండి బూడిదవుతుంది, గాలి లేకుండా వేడి తగిలితే తనలోని వాయువుల్నీ తారునీ వదిలేసి కార్బన్‌ని మిగుల్చుకుంటుంది. సర్కారు తుమ్మ మొద్దుల్ని పేర్చి, పైన మట్టి కప్పి బొగ్గుల బట్టీ పెట్టేవాళ్లు చేసేదీ ఇదే. నేను 15 కిలోల నూనె డబ్బా వాడాను. ఎండు తొక్కలు కూరి, మేకుతో నాలుగు చిల్లులు పెట్టిన రేకు మూత బిగించి, మూడు ఇటుకల మీద పెట్టి కింద కంప మంట వేశాను. మొదట చిల్లుల్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది, మిగిలిన కాస్త తడి అది. తర్వాత పొగ చిక్కబడి పసుపు రంగుకి తిరిగింది, ఘాటుగా కళ్లు మండించే పొగ. తొక్క ఏయే పదార్థాలతో కట్టి ఉందో అవన్నీ ఒక్కొక్కటిగా వేడికి విరుగుతాయి: 200 డిగ్రీలు దాటాక పెక్టిన్, హెమీసెల్యులోజ్ లాంటివి విరగడం మొదలవుతుంది, 315 నుంచి 400 మధ్యలో సెల్యులోజ్ వంతు. చెక్కకి బిగువునిచ్చే లిగ్నిన్ మాత్రం దేనికీ తొందరపడదు, ఎప్పుడో మొదలై చాలా ఎక్కువ వేడి దాకా నెమ్మదిగా విరుగుతూనే ఉంటుంది, కట్టెబొగ్గుకి ఆ గట్టిదనం చాలావరకు దాని చలవే. బత్తాయి తొక్కలో లిగ్నిన్ తక్కువ, అందుకే దీని బొగ్గు వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది.

ఆ పసుపు పొగకి అగ్గిపుల్ల చూపిస్తే చిల్లు చిల్లుకీ ఒక మంట, గ్యాస్ స్టవ్ బర్నర్‌లా. తొక్క వదిలే వాయువులే అవి. కింద కంప వేయడం తగ్గించి ఆ మంటే డబ్బాని వేడెక్కించేలా చేయగలిగితే ఇంధనం ఆదా అవుతుంది, పొగ కూడా వీధిలోకి పోదు. అసలు మంచి బట్టీకి చెడ్డ బట్టీకి తేడా ఇక్కడే ఉందని నా నమ్మకం. పొగని గాలిలోకి వదిలేసే బట్టీ పక్కింటివాళ్ల ఊపిరితిత్తులకి చేటు చేయడమే కాకుండా ముడిసరుకులోని శక్తిలో సగాన్ని ఊరికే వదిలేస్తుంది.

మంటలు చిన్నవై ఆరిపోతే పని అయిపోయినట్టు. మొదటిసారి ఇక్కడే నష్టపోయాను. గంట ఆగి, డబ్బా పైన చేయి పెడితే ఓర్చుకోగలిగేంత వేడే ఉందని మూత తీశాను. లోపల బొగ్గు నల్లగా, తొక్కల ఆకారం చెక్కుచెదరకుండా, ఎంతో ముచ్చటగా ఉంది. రెండు నిమిషాల్లో మధ్యలో ఎర్రటి చుక్క కనిపించింది. నేను నీళ్లు తెచ్చేలోపు అది పాకిపోయింది, మూడు రోజులు ఎండబెట్టిన సరుకులో సగానికి పైగా బూడిద. వేడి బొగ్గుకి కావాల్సింది గాలి ఒక్కటే, అది మనమే తెచ్చి ఇచ్చినట్టయింది. అప్పటి నుంచి మంటలు ఆరగానే చిల్లుల్ని తడి బంకమట్టితో మూసి, తెల్లారే దాకా డబ్బా జోలికి పోవడం లేదు. అలా చేస్తే 2 కిలోల 300 గ్రాముల ఎండు తొక్కకి 700 గ్రాములకి కాస్త తక్కువగా బొగ్గు దక్కుతోంది.

ఈ బొగ్గుని ఇలాగే కుంపట్లో పోస్తే సరిగ్గా మండదు. పొడి పొడిగా ఉండి ఒత్తుకుపోతుంది, గాలి దూరే సందు ఉండదు. ఉండలు కడితే ఉండకీ ఉండకీ మధ్య గాలి ఆడుతుంది. బ్రికెట్ అంటే ఇంతే. గోనె సంచిలో వేసి రోకలితో దంచి (కాస్త నీళ్లు చిలకరించి దంచండి, లేకపోతే ఆ నల్ల దుమ్మంతా ముక్కులోకి పోతుంది), కిలో పొడికి 80 నుంచి 100 గ్రాముల పిండితో కాచిన చిక్కటి గంజి కలపాలి. పచ్చి పిండి కలిపితే పట్టు ఉండదు. 60, 70 డిగ్రీలు దాటాక పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి పగిలితేనే జిగురు వస్తుంది, గోడ పోస్టర్లకి మైదాని ఉడికించేది కూడా అందుకే. తొక్కలోనే పెక్టిన్ ఉంది కదా, జామ్‌ని గట్టిపరిచే పదార్థం అదే కదా, వేరే జిగురు ఎందుకని అడగొచ్చు. నాకూ అదే అనుమానం వచ్చింది. డబ్బాలో మొదట విరిగిపోయినవాటిలో పెక్టిన్ కూడా ఉంది, బొగ్గు తయారయ్యేసరికి అది మిగలదు.

బొగ్గు పొడికి పిండి జిగురు పాత ఉపాయం. 1920లలో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిన చెక్క ముక్కల్ని ఇలాగే బొగ్గు బ్రికెట్లు చేయించి అమ్మించాడు. హైతీలో అమెరికా సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీకి చెందిన ఏమీ స్మిత్ బృందం చెరకు పిప్పిని నూనె డ్రమ్ముల్లో బొగ్గు చేసి కర్రపెండలం జావతో ఉండలు కట్టింది, కట్టెబొగ్గు కోసం చెట్లు నరికీ నరికీ బోడిగా మిగిలిన దేశమది. ఉగాండా రాజధాని కంపాలాలో కూర అరటికాయే రోజువారీ తిండి, వంట ఎక్కువగా బొగ్గు మీదే, కాబట్టి గుట్టలుగా పోగయ్యే అరటి తొక్కల్ని ఎండబెట్టి బొగ్గు చేసి, కర్రపెండలం పిండితోనో మట్టితోనో ఉండలు కడతారు. కర్రపెండలం అంటే మనకి కొత్తేమీ కాదు, సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం దాంతోనే చేస్తారు. నేను బియ్యప్పిండి గంజి, సగ్గుబియ్యం గంజి రెండూ వాడి చూశాను, సగ్గుబియ్యం ఉండ గట్టిగా వచ్చింది, మూడు రోజులు ఎండాక గచ్చు మీద పడేస్తే పగల్లేదు.

మొదటి విడత ఉండలు మా ఇస్త్రీ బండి అన్నకి ఇచ్చాను. ఇప్పటికీ బొగ్గుల ఇస్త్రీ పెట్టే వాడతాడు. ఒక పూట చూసి సంచి తిరిగి ఇచ్చేశాడు. "అన్నా, నిప్పు మంచిగనే ఉన్నది గానీ బూడిద మస్తు పడ్తున్నది. తెల్ల చొక్కా మీద పడితే మళ్లీ ఉతుకుడే." ఆయన ఒక్క మాటలో చెప్పింది తొక్క బొగ్గుకి ఉన్న అసలు లోపం. కాల్చినప్పుడు నీళ్లు పోతాయి, వాయువులు పోతాయి, తొక్కలోని ఖనిజాలు మాత్రం ఎక్కడికీ పోవు. బరువు మూడో వంతుకి తగ్గితే బూడిద శాతం మూడింతలవుతుంది. ఎండు బత్తాయి తొక్కలో బూడిద 4 శాతం ఉంటే బొగ్గులో 12 దాకా తేలుతుంది. అరటి తొక్కలో మొదటే 10 శాతం పైన ఉంటుంది కాబట్టి దాని బొగ్గులో మూడో వంతు బూడిదే. ఆ బూడిదలో ఎక్కువ పొటాషియం లవణాలు, అందుకే అస్సాంలో అరటి తొక్కని కాల్చిన బూడిద నీళ్లని కోలాఖార్ పేరుతో వంటలోనే వాడతారు. కుంపట్లో మిగిలిన బూడిదని మొక్కల మొదట్లో కాస్త చల్లితే పొటాష్ ఎరువు వేసినట్టే.

అదే సంచిని కంకులు కాల్చే అక్కకి ఇచ్చాను. ఆమెకి బూడిదతో పేచీ లేదు, విసనకర్రతో ఊపితే పోతుంది. "అంటుకోనీకి లేటైతది, ఒక్కసారి అంటుకున్నంక జల్ది ఆరదు," అంది. రెండూ నిజమే. గట్టిగా అదిమి కట్టిన ఉండలోకి గాలి నెమ్మదిగా దూరుతుంది కాబట్టి నెమ్మదిగా రాజుకుంటుంది, నెమ్మదిగానే అరుగుతుంది. కింద నాలుగు కట్టెబొగ్గులు వేసి వాటి మీద ఇవి పేర్చుకోవడం ఆమే కనిపెట్టిన పద్ధతి. ఆమె బండి ఆరుబయట ఉంటుంది కాబట్టి ధైర్యంగా ఇచ్చాను. ఏ బొగ్గయినా సరే, తొక్కదైనా తుమ్మదైనా, తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టొద్దు. పొగ లేదు కదా అనుకుంటాం, కానీ కాలే బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, చలికాలం రాత్రి వెచ్చదనం కోసం గదిలో కుంపటి పెట్టుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

అన్ని తొక్కలూ బొగ్గుకే పోవాలని నేను అనను. పుణేలోని ఆర్తి అనే సంస్థకి, కాలుష్యం లేని ఇంధన పద్ధతులకి బ్రిటన్‌లో ఇచ్చే యాష్డెన్ అవార్డు రెండుసార్లు వచ్చింది. 2002లో పొలంలో ఊరికే తగలబెట్టే ఎండు చెరకు ఆకుని బొగ్గు చేసినందుకు, 2006లో వంటింటి తడి చెత్తతో నడిచే చిన్న గోబర్‌గ్యాస్ లాంటి ప్లాంటుకి. ఒకే సంస్థ ఎండు చెత్తకి ఒక దారి, తడి చెత్తకి ఇంకో దారి చూసుకుంది, నాకు అది చాలా నచ్చింది. గ్యాస్ చేసే సూక్ష్మజీవులకి నీళ్లే కావాలి, ఆరబెట్టే బాధే లేదు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఐఐసీటీ (అక్కడి రసాయన పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు రోజుకి సుమారు 10 టన్నుల చెత్తని గ్యాస్‌గా మార్చి కరెంటు తీస్తుంది. అయితే బత్తాయి తొక్కని ఆ ప్లాంట్లలో ఎక్కువగా వేయకూడదు, కొవ్వొత్తి దగ్గర రవ్వలు లేపిన ఆ లిమోనినే సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఎండలో ఆరేటప్పుడు దానిలో చాలా భాగం గాలికి పోతుంది, డాబా అంతా కమ్మటి వాసన వచ్చేది అందుకే.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి ఈ లెక్క మరీ అవసరం. తోతాపురి సీజన్ ఊపందుకునేసరికి మృగశిర వచ్చేస్తుంది, వానల్లో తొక్కలు ఎక్కడ ఆరబెడతారు? తడి తొక్కని గ్యాస్‌కి పంపి, టెంకని బొగ్గుకి పంపడం మేలు. టెంక పెంకు కట్టెలాంటిది, నీళ్లు తక్కువ, లిగ్నిన్ ఎక్కువ, దాని బొగ్గు గట్టిగా ఉంటుంది. లోపలి జీడి మాత్రం విడిగా తీసేయాలి, అందులోని కొవ్వుకి వేరే గిరాకీ ఉంది.

కంకుల గిరాకీ వానాకాలంలో, తొక్కలు ఎండేది వేసవిలో. పచ్చి తొక్క రెండు రోజులు నిలవ ఉండదు, బొగ్గు ఉండలు గోనె సంచిలో తడి తగలకుండా ఉంచితే నెలలైనా పాడవవు. కిందటి మే నెలంతా ఒక్క బండి తొక్కలూ వదలకుండా తెచ్చి ఎండబెట్టాను, 300 కిలోల పైచిలుకు తొక్కలకి 20 కిలోల ఉండలు తయారయ్యాయి. అక్కకి సాయంత్రానికి 2 కిలోల బొగ్గు పడుతుంది, అంటే పది సాయంత్రాలు. మిగతా రోజులకి ఆమె తుమ్మబొగ్గే కొనుక్కుంది. వచ్చే వేసవికి బస్టాండు దగ్గరున్న ఇంకో మూడు జ్యూస్ బండ్లవాళ్లతో మాట్లాడి పెట్టాను, తొక్కల సంచిలో ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు వేయకుండా ఉంటే చాలని చెప్పాను. ఇద్దరు ఒప్పుకున్నారు.