పార్టికల్ బోర్డు బీరువాలోకి చెమ్మ ఎక్కేది అంచుల్లోంచే

పార్టికల్ బోర్డు బీరువా పాడైందంటే ముందుగా ఉబ్బేది దాదాపు ఎప్పుడూ కింది అంచే. పైన లామినేట్ చెక్కుచెదరదు. నేలకు దగ్గరగా ఉన్న రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రం బోర్డు పొంగి, అంచు పట్టీ ఊడి, లోపలి పొట్టు బయటపడుతుంది. వానాకాలపు గాలిలో తేమ వల్లే ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. గాలి తేమకూ ఇందులో వాటా ఉంది. కానీ అసలు నష్టం చేసేది రోజూ తడిగుడ్డ పెట్టినప్పుడు నేల మీద నిలిచే నీరు, నిమ్మెక్కిన గోడ, సింకు కింద కారే గొట్టం. ఆ నీటికి దారి ఇచ్చేది కప్పకుండా వదిలేసిన అంచు.

ఈ బోర్డును చెక్క పేళ్లకు, రంపపు పొట్టుకు యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు పట్టించి, వేడి ప్రెస్సులో బలంగా అదిమి తయారుచేస్తారు. అదిమిన పేళ్లు అటుకుల్లాంటివి, తడి తగిలితే మళ్లీ లావెక్కుతాయి. తడిసిన బోర్డులో రెండు రకాల ఉబ్బు ఉంటుంది. చెక్క పీచు నీరు పీల్చడం వల్ల వచ్చిన ఉబ్బు ఆరితే తగ్గుతుంది. అదిమిన పేళ్లు జిగురు పట్టు విడిపించుకుని లేవడం వల్ల వచ్చిన ఉబ్బు ఎంత ఆరబెట్టినా పోదు. పైగా వేడి, తేమ కలిస్తే ఈ జిగురే రసాయనికంగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. ఉక్క రోజుల్లో కొత్త బీరువా తలుపు తీయగానే ఘాటు వాసన ఎక్కువగా తగలడానికి కారణం అదే. జిగురు బలహీనపడ్డ చోట స్క్రూలు పట్టు వదులుతాయి, తలుపులు కిందికి జారతాయి.

బోర్డు రెండు ముఖాల మీద అతికించిన మెలమైన్ కాగితం నీటిని బాగానే ఆపుతుంది. అంచు సంగతి వేరు. బోర్డు మధ్య పొరలో పెద్ద పేళ్లుంటాయి, వాటి సందుల్లోంచి నీరు పైకి పాకుతుంది. అందుకే టార్చి తీసుకుని ముందు అంచులు వెతకాలి. పక్క పలకల అడుగు భాగం, వెనక అంచులు, వెనక షీటు కూర్చునే గాడి, గొట్టాల కోసం, వైర్ల కోసం కోసిన రంధ్రాలు, తలుపు హింజ్ (కీలు) కోసం తొలిచిన 35 మిల్లీమీటర్ల గుంట చూడండి. కళ్లకు కనిపించే ముందు అంచుకే పట్టీ వేసి మిగతావి వదిలేయడం మామూలు.

బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెడితే సరిపోతుందా? ఒక్క లెక్క వేసి చూడండి. గాలిలో తేమ 50 శాతం నుంచి 80 శాతానికి పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే బోర్డు తన బరువులో కొన్ని శాతం నీటిని అదనంగా పీల్చుకుంటుంది. నాలుగు శాతమే అనుకున్నా, 60 కిలోల బీరువాలో అది రెండు లీటర్లు దాటుతుంది. 50 గ్రాముల సిలికా జెల్ పీల్చగలిగేది దాని బరువులో సుమారు మూడో వంతు, అంటే 15 గ్రాములు దాటి కొంచెం. పొట్లం బట్టల వాసనకు, బూజుకు కొంత ఉపయోగపడుతుంది కానీ బోర్డును కాపాడలేదు. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు ఇంకా ఎక్కువ పీలుస్తాయి, అయితే అవి ఉప్పునీటిగా మారతాయి. ఆ నీరు ఒలికితే బోర్డు ఉబ్బుతుంది, హింజ్‌లు తుప్పు పడతాయి.

కాబట్టి ముందు అంచులు మూయాలి. బీరువా ఖాళీ చేసి, ఇద్దరు పట్టి వెల్లకిలా పడుకోబెట్టండి. అంచు పూర్తిగా పొడిగా ఉండాలి. తడి బోర్డును మూస్తే నీరు లోపలే చిక్కుకుంటుంది. వదులు పొట్టు దులిపి, 180 నెంబరు ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. థిన్నర్‌తో పల్చన చేసే పాలీయూరిథేన్ వార్నిష్ మొదటి పూతను కాస్త పల్చగా వేస్తే సందుల్లోకి ఇంకుతుంది. ఆరాక చిక్కగా మరో రెండు పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య ఎంత ఆగాలో డబ్బా మీద ఉంటుంది. నీటితో కలిపే ప్రైమర్‌ను వట్టి అంచుకు నేరుగా పూయవద్దు, అందులోని నీరే అంచును ఉబ్బిస్తుంది. స్క్రూ రంధ్రాల్లో, గొట్టం చుట్టూ న్యూట్రల్ సిలికాన్ సీలెంట్ వేయండి. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తినేస్తుంది.

తర్వాత బీరువాను నేల నుంచి లేపాలి. స్క్రూతో బిగించే నైలాన్ లేదా పీవీసీ కాళ్లు చాలు. వంటగది మాడ్యూళ్లకు 10 సెంటీమీటర్ల సర్దుబాటు కాళ్లు దొరుకుతాయి. గోడకూ వెనక పలకకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి. గోడ అవతల స్నానాల గది ఉంటే ముందు గోడను పరీక్షించాలి. అడుగు చదరం పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదలండి. షీటు లోపలి వైపు చెమర్చితే తేమ గోడలోంచి వస్తోంది, బయటి వైపు చెమర్చితే గదిలోని గాలిదే. గోడదైతే గోడను బాగుచేయకుండా బీరువాకు ఏ పూత వేసినా లాభం లేదు.

ఇప్పటికే తడిసిపోయిందా? సామాను, అరలు తీసేసి, బీరువాను ఏటవాలుగా ఆనించి, ఫ్యాను గాలికి కొన్ని రోజులు వదిలేయండి. ఎండలో పెట్టవద్దు, హెయిర్ డ్రయ్యర్ వాడవద్దు. ఒక ముఖం త్వరగా ఆరితే పలక వంగుతుంది. స్క్రూ రంధ్రం పొడిపొడిగా మారితే దాన్ని 8 మిల్లీమీటర్లకు తొలిచి, తడికి తట్టుకునే చెక్క జిగురు పూసిన డోవెల్ (గుండ్రటి కర్ర ముక్క) దిగగొట్టి, 24 గంటలు ఆరనివ్వండి. ఆపై 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి 4 మిల్లీమీటర్ల స్క్రూ బిగిస్తే కొత్తదానిలా పట్టుకుంటుంది. ఉబ్బిన కింది అంచును అదిమి మళ్లీ సమం చేయాలని చూడకండి. వడ్రంగిచేత 3 సెంటీమీటర్లు కోయించి, ఆ ఎత్తుకు పీవీసీ బోర్డు ముక్క అతికించడం మేలు.

కొనేటప్పుడు లోపలి పొర ఆకుపచ్చగా ఉంటే నీరు తట్టుకుంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ రంగు గుర్తు కోసం కలిపినది మాత్రమే. బోర్డుకు ఆ శక్తి మెలమైన్ కలిసిన జిగురువల్ల వస్తుంది. అది కూడా తేమ గాలిని ఓర్చుకుంటుందే తప్ప నిలిచిన నీటిని కాదు. ప్రీలామినేటెడ్ (ముందే లామినేట్ అతికించిన) పార్టికల్ బోర్డుకు ఐఎస్ 12823 అనే భారతీయ ప్రమాణం ఉంది, బోర్డు మీద ముద్ర అడిగి చూడండి. సింకు కింది అరకు, స్నానాల గదికి పార్టికల్ బోర్డు వద్దే వద్దు. అక్కడ ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ గానీ, పీవీసీ బోర్డు గానీ వేయించండి.