తాబేలు గుడ్డు కోడిగుడ్డు కాదు

"కోడి పొదిగేటప్పుడు గుడ్లు తిప్పుతూనే ఉంటుంది కదండీ, వీటిని కదిపితే ఏమవుతుంది?" జనవరి వచ్చిందంటే విశాఖ, భీమిలి తీరంలో సముద్ర తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే గూళ్లకు రాత్రిళ్లు కాపలా తిరిగే మమ్మల్ని ఈ మాట అడగనివాళ్లు ఉండరు. ఏమవుతుందంటే, లోపల పిల్ల చచ్చిపోతుంది.

కోడిగుడ్డులో పచ్చసొనను రెండు పక్కలా పట్టి ఉంచే తెల్లటి పోగులు ఉంటాయి. గుడ్డు ఎటు తిరిగినా సొన సర్దుకుంటుంది. తాబేలు గుడ్డులో అవి లేవు. పెట్టిన కొద్ది గంటలకే పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. సున్నం చుక్క పెట్టినట్టు పైన తెల్లటి మచ్చ కనిపించేది అందుకే. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే ఆ అతుకు ఊడిపోతుంది. పైకి మాత్రం ఏ తేడా తెలియదు, మునుపటిలాగే తెల్లగా, పింగ్‌పాంగ్ బంతిలా ఉంటుంది.

మేమూ గుడ్లు తరలిస్తాం, నిజమే. ఆ రాత్రి పెట్టినవే, తెల్లారేలోపు, తడి ఇసుక పోసిన బకెట్‌లో, పైవైపు పైకే ఉంచి తెస్తాం. హేచరీలో, అంటే గుడ్లు పాతి పొదిగేదాకా కాపాడే చోట, తల్లి తవ్వినట్టే నోరు సన్నగా, అడుగుభాగం వెడల్పుగా, అడుగున్నర లోతు గుంట తీసి పెడతాం.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన మిట్టమధ్యాహ్నం సిమెంటు సంచిలో గుడ్లు మోసుకొచ్చాడు. అంతకు రెండు రోజుల ముందు పెట్టిన గూడట. "కుక్కలు తినేస్తన్నాయని తెచ్చీసినాను బాబూ" అన్నాడు, ఒళ్లంతా చెమట. లెక్కపెడితే నూటపది. పాతిపెట్టి, వల కప్పి, తేదీ రాసిన పలక గుచ్చాం. మామూలుగా 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. 70 రోజులు ఆగి తవ్వాం. ఒక్కటీ పొదగలేదు. ఆయన వారం వారం వచ్చి అడుగుతుండేవాడు. కారణం ఆయన మొహం మీద చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. కుక్కలు తవ్వుతుంటే తరిమేయండి, ఇసుక కప్పేయండి, పైన పాత వల పరిచి నాలుగు వైపులా రాళ్లు పెట్టండి, అటవీశాఖకు ఫోన్ చేయండి. గుడ్ల మీద చెయ్యి వేయొద్దు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. తల్లి తిరిగొచ్చి గుడ్లు కాయదు, పెట్టి వెళ్లిపోవడమే. గుడ్లు పెడుతూ ఏడుస్తుందనేది వట్టి మాట, ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథుల గుండా వదిలేస్తుంది. పిల్లల్ని బకెట్ నీళ్లలో పెట్టకండి. కడుపులో మిగిలిన సొన సముద్రంలో మొదటి రోజుల ఈతకు దాచుకున్న బలం, బకెట్‌లో కొట్టుకుని అదంతా ఖర్చు చేసేస్తాయి. ఎత్తి అలల్లోకి విసరకండి, ఇసుక మీద నడవనివ్వండి. ఫోన్ లైటు వేస్తే సముద్రం అనుకుని మీవైపే వస్తాయి.

పోయిన సీజన్‌లో ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. వాకింగ్‌లో చూసుకోకుండా గూడు మీద కాలు వేశానని, గుడ్లన్నీ చితికిపోయి ఉంటాయని రాత్రంతా నిద్రపోలేదట. అమ్మా, అడుగున్నర లోతున ఉన్న గుడ్లు ఒకసారి కాలు వేసినంత మాత్రాన చితకవు. వాటి పెంకు కూడా మెత్తని తోలులాంటిదే. మీరు చూపించిన చోటే కర్రలు పాతి వల కట్టాం.