‘మత పెద్దలు’ అంటే ఎవరు?

పండగల ముందు విజయవాడలోనో గుంటూరులోనో శాంతి సంఘం సమావేశం పెడితే అధికారులు ‘మత పెద్దల’ను పిలుస్తారు. బిషప్‌ గారికో కుర్చీ, ముస్లింల పెళ్లిళ్లు జరిపించే ఖాజీ సాహెబ్‌కో కుర్చీ వేస్తారు. ‘మీ వాళ్లకు మీరే చెప్పాలి’ అని ఇద్దరినీ ఒకే మాట అడుగుతారు. వాళ్ల అధికారం మాత్రం ఒక్క తీరుది కాదు.

కథోలికుల సంగతి సూటిగా ఉంటుంది. క్రీస్తు శిష్యుడు పేతురు వారసుడు పోపు, ఆయన నియమించినవాడు బిషప్‌. విజయవాడ మేత్రాసనం (బిషప్‌ పాలించే ప్రాంతం) 1937లో, గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడ్డాయి. నేటికీ ఇక్కడి బిషప్‌ పేరు రోము నుంచి రావలసిందే. గుంటూరులోనే లూథరన్ల దారి వేరు. 1842లో ఫాదర్‌ హయ్యర్‌ ఇక్కడ మొదలుపెట్టిన మిషన్‌ నుంచే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్‌ లూథరన్‌ చర్చి ఏర్పడింది. విశ్వాసులందరూ యాజకులేనని 1520లో లూథర్‌ చాటిన సిద్ధాంతం వీరిది. నాయకుణ్ణి ప్రతినిధులు ఓటేసి ఎన్నుకుంటారు. ఓటు ఉన్నచోట పోటీ, ఒక్కోసారి కోర్టు వ్యాజ్యం తప్పవు. అంతమాత్రాన భక్తి సన్నగిల్లిందనుకోవడం అన్యాయం.

అందరూ తరచూ పొరబడేది ఇస్లాం విషయంలో. 632లో ప్రవక్త మరణించాక వారసత్వం ఎవరిదన్న ప్రశ్నే సున్నీ, షియా చీలికకు మూలం. సున్నీల్లో ప్రవక్త వారసుడైన పాలకుడు, అంటే ఖలీఫా, రాజ్యమేలాడు గానీ ధర్మనిర్ణయం ఆయన చేతిలో నిలవలేదు. 833లో ఖలీఫా మామూన్‌ తన సిద్ధాంతాన్ని పండితుల మీద బలవంతంగా రుద్దబోయాడు. ఇమామ్‌ అహ్మద్‌ ఇబ్న్‌ హంబల్‌ చెరసాలకు వెళ్లారు గానీ తలవంచలేదు. కొన్నేళ్లకు ఖలీఫాలే వెనక్కి తగ్గారు. అప్పటి నుంచి ధర్మం చెప్పేది పండితులే, ఉలేమాయే.

మసీదులో చూడండి. ఇమామ్‌ ముందు నిలబడతాడు గానీ జనంతోపాటు కాబా దిక్కుకే తిరిగి ఉంటాడు. ఖురాన్‌ పఠనంలో తడబడితే వెనక వరుసలోని వ్యక్తి సరైన మాట పైకి అందించవచ్చు. టర్కీ ఖలీఫా పదవిని కాపాడాలన్న ఖిలాఫత్‌ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న 1921లో బెజవాడలో కాంగ్రెస్‌ సమావేశం జరిగింది. మరో మూడేళ్లకు, 1924 మార్చి 3న, టర్కీ ఆ ఖలీఫా పదవినే రద్దు చేసింది. అయినా నమాజు ఒక్క పూట ఆగలేదు.

ఇక ఖాజీ. ప్రభుత్వం ఖాజీలను నియమించే పద్ధతిని బ్రిటిషువారు 1864లో ఎత్తేశారు. పెళ్లిళ్లకు ఇబ్బంది అవుతోందన్న మొర విని 1880 చట్టంతో మళ్లీ నియమించారు. న్యాయాధికారం గానీ పాలనాధికారం గానీ ఆయనకు లేవని, ఏ వేడుకకూ ఆయన హాజరు తప్పనిసరి కాదని ఆ చట్టమే చెప్పింది. అలాంటి ఖాజీని ‘మీ వాళ్లను ఆపండి’ అని అడిగి, ఆపలేదని నిందించడం ఏం న్యాయం?

యూదులకు ఆ కుర్చీ కూడా ఉండదు. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం దేవాలయాన్ని కూల్చడంతో అర్చకుల పెత్తనం పోయి, శాస్త్రం చదివిన రబ్బీలు ముందుకొచ్చారు. సంప్రదాయం ప్రకారం పదిమంది వయోజన పురుషులు కూడితే రబ్బీ లేకున్నా సామూహిక ప్రార్థన సాగుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము యూదులమని చెప్పే తెలుగువారి బెనె ఎఫ్రాయిమ్‌ సమాజం నడుపుకుంటున్న ప్రార్థనామందిరం ఉంది. ప్రార్థనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, ఇజ్రాయెల్‌లో మతపరంగా యూదులుగా గుర్తింపు కావాలంటే మాత్రం, 1921లో నాటి పాలస్తీనాలో ఏర్పడి నేడు ఇజ్రాయెల్‌లో కొనసాగుతున్న ప్రధాన రబ్బీల పీఠం ఒప్పుకోవాలి. ఆ గుర్తింపు ఇంకా రాలేదు.