ఒకే ప్రాంగణం, రెండు శాఖలు: పల్లె బడి తనిఖీ వెనక చరిత్ర

తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రం ఒకే ప్రాంగణంలో నడవడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఒక గదిలో ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు ఐదు తరగతులను చూసుకుంటూ ఉంటారు. పక్క గదిలో అంగన్‌వాడీ టీచరు, ఆయా మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలను చూసుకుంటూ ఉంటారు. బడిని తనిఖీ చేయడానికి మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) వస్తారు, పక్క గదిని చూడడానికి మహిళా శిశు సంక్షేమ శాఖ సూపర్‌వైజరు వస్తారు. ఆయన నివేదిక జిల్లా విద్యాశాఖాధికారికి వెళ్తే ఆమె నివేదిక శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీఓకు) వెళ్తుంది. పిల్లలు మాత్రం అదే ఊరి పిల్లలు. ఈ ఏడు ఆ గదిలో ఆడుకుంటున్నవారే వచ్చే ఏడు ఈ గదిలో అక్షరాలు దిద్దుతారు. ఈ ఏర్పాటు ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి చేసింది కాదు. తనిఖీ అన్నది మన పల్లె బడిలోకి ఎప్పుడు, ఎవరి డబ్బు వెంట వచ్చిందో తెలిస్తే తప్ప దీని మూలం బోధపడదు.

పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళ వీధిబడికి తనిఖీ అధికారి లేడు. ఊరివారిచ్చే గింజలు, నెలజీతం, దసరా మామూళ్ళతో అయ్యవారు బతికేవారు కాబట్టి, ఆయన చదువు చెప్పే తీరు మంచిదో కాదో తేల్చేది కూడా ఊరే. ఆ బడులను తొలిసారి లెక్కపెట్టించినవాడు మద్రాసు గవర్నరు థామస్ మన్రో. 1822లో కలెక్టర్లందరికీ ఆయన ఆదేశాలు పంపగా, 1826 నాటికి తేలిన లెక్క ప్రకారం మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని రాస్తూ, జనం పేదరికంలోకి జారడం వల్ల చదువు క్షీణిస్తోందని కూడా రాశాడు. ఆ చివరి మాట ముఖ్యమైనది: లెక్క అడిగితే కారణం కూడా రాసిన అధికారి ఆయన. మన్రో తలపెట్టిన కలెక్టరేటు, తహసీలు పాఠశాలలు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1836లో వాటిని ఎత్తివేశారు.

బడికి సర్కారు మనిషి క్రమం తప్పకుండా రావడం 1854లో లండన్ నుంచి చార్లెస్ ఉడ్ పంపిన తాఖీదుతో మొదలైంది. ప్రతి రాజధానిలో విద్యాశాఖ ఉండాలని, ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వాలని, గ్రాంటు పుచ్చుకున్న బడిని ఇన్‌స్పెక్టర్లు పరీక్షించాలని ఆ తాఖీదు చెప్పింది. మద్రాసులో ఎ. జె. అర్బత్‌నాట్ తొలి డైరెక్టరుగా శాఖ ఏర్పడింది. దాదాపు అదే కాలంలో గోదావరి డెల్టాలో మరో ప్రయోగం జరిగింది. రాజమండ్రి సబ్ కలెక్టరు టేలర్ చొరవతో రైతులు తమ భూమిశిస్తుతో పాటు బడి కోసం ప్రత్యేకంగా కొంత చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఆ బడులకు చట్టబద్ధత కల్పించడానికే 1863లో మద్రాసు విద్యాచట్టం వచ్చింది. ఊరు డబ్బు పెట్టి, ఊరే బడిని చూసుకునే దారి ఒకటి మన నేల మీద ఆనాడే మొలిచిందని దీన్నిబట్టి తెలుస్తుంది. అది నిలదొక్కుకోకముందే గ్రాంటు దారి దాన్ని కమ్మేసింది.

ఆ గ్రాంటు పద్ధతే తనిఖీ స్వభావాన్ని నిర్ణయించింది. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో (Lowe) అనే మంత్రి తెచ్చిన నియమావళి ప్రకారం, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున చదవడం, రాయడం, లెక్కల్లో ఎంతమంది పిల్లలు ఉత్తీర్ణులైతే బడికి అంత సొమ్ము. ‘ఫలితాలను బట్టి చెల్లింపు’ అనే ఈ పద్ధతిని అక్కడ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న కవి మాథ్యూ ఆర్నాల్డే గట్టిగా వ్యతిరేకించాడు. అయినా ఆ దశాబ్దంలోనే అది మద్రాసు రాజధానికి చేరింది, ప్రాథమిక బడుల్లో విస్తృతంగా అమలైంది. దాని అర్థం ఏమిటో ఏకోపాధ్యాయ బడిలో నిలబడి చూడాలి. తనిఖీ నాడు జ్వరమొచ్చిన పిల్లవాడి గ్రాంటు పోతుంది. వరికోతలకు తల్లి వెంట వెళ్ళిన పిల్ల గ్రాంటు పోతుంది. పెద్ద బడిలో పదిమంది తప్పినా మిగిలినవారు ఆదుకుంటారు గాని, పదిహేనుమంది ఉన్న బడిలో ముగ్గురు తప్పితే ఆ ఏడు అయ్యవారి ఇంట్లో గింజలే తగ్గుతాయి. అలాంటప్పుడు ఆయన చెప్పేది ఇన్‌స్పెక్టరు అడగబోయేదే అవుతుంది, పిల్లలు పుస్తకాన్ని అప్పజెప్పడమే చదువవుతుంది. ఇన్‌స్పెక్టరును చూస్తే భయపడే అలవాటు మన బడులకు ఇక్కడే అంటిందని నేను అనుకుంటున్నాను. వైస్రాయి కర్జన్ హయాంలో 1904 నాటి విద్యావిధాన తీర్మానం ఈ పద్ధతిని తప్పుపట్టి తొలగించేనాటికి ఒక తరం ఉపాధ్యాయులు దాని కిందే పనిచేసి వెళ్ళిపోయారు.

అదే ఇన్‌స్పెక్టరు ఉద్యోగం మరోలా కూడా ఉండగలదని చూపినవారు లేకపోలేదు. 1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు వచ్చిన ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల తెలుగుకు ఇంత దూరం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగార్ల కృషితో కలిసి వ్యావహారిక భాషోద్యమానికి ఊపునిచ్చింది. తరగతి గదిలో విన్నదాన్ని పట్టించుకున్న ఒక తనిఖీ అధికారి తెలుగు వచనం దిశ మారడానికి తోడ్పడ్డాడంటే, ఆ ఉద్యోగంలో ఎంత అవకాశం దాగి ఉందో ఊహించవచ్చు.

తెలంగాణలో చరిత్ర వేరు. నిజాం పాలనలో విద్యాశాఖ అధికారులు ఉర్దూ బోధనా వ్యవస్థకు ప్రతినిధులు. పల్లెల్లో తెలుగు చెప్పే ఖాన్గీ (ప్రైవేటు) బడి నడపాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలన్న నిబంధన ఉండేది. ఆ ఆంక్షను ఎత్తివేయాలన్నది ఆంధ్ర మహాసభ కోర్కెల్లో ఒకటి. అక్కడ విద్యాశాఖ అధికారి రాక అంటే బడి బాగోగుల విచారణ కన్నా బడి ఉండవచ్చా లేదా అన్న విచారణే ఎక్కువ.

స్వాతంత్ర్యానంతరం అజమాయిషీ చేతులు మారింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక ప్రాథమిక బడులు వాటి కిందికి వెళ్ళాయి. దానితో ఉపాధ్యాయుడి బదిలీ, జీతం ఒకరి చేతిలో, పాఠం బాగోగులు డిప్యూటీ ఇన్‌స్పెక్టరు చేతిలో ఉండే స్థితి వచ్చింది. 1985లో మండలాలు వచ్చిన తరువాత మండల విద్యాశాఖాధికారి పదవి ఏర్పడింది.

ఇక పక్క గది సంగతి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు దాని తొలి లక్ష్యం పౌష్టికాహారం, టీకాలు, తల్లుల ఆరోగ్యం. పూర్వ ప్రాథమిక విద్య దాని ఆరు సేవల్లో ఒకటి మాత్రమే. కాబట్టి సూపర్‌వైజరు వచ్చినప్పుడు సహజంగానే గుడ్లు, పాలు, పిల్లల బరువు, రిజిస్టర్లు ముందుకొస్తాయి. ఆకలితో, బరువు తక్కువతో ఉన్న పిల్లల విషయంలో ఆ క్రమాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ పాటలు, కథలు, ఆటల ద్వారా జరగాల్సిన నేర్పు సంగతి అడిగేవారు లేక వెనకబడింది. దాన్ని అడగగల విద్యాశాఖకేమో ఆ గది తనది కాదు.

బోధనకు తోడ్పడే తనిఖీని నిర్మించే ప్రయత్నం జరగకపోలేదు. 1980లలో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. నాలుగూళ్ళ ఉపాధ్యాయులు ఒకచోట కూడి తమ పాఠాల కష్టసుఖాలు మాట్లాడుకునే ఏర్పాటు అది. ఒంటరిగా ఐదు తరగతులు చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకన్నా పనికొచ్చే సాయం మరొకటి రాలేదని నా అభిప్రాయం. 1996లో కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, వరంగల్, విజయనగరం జిల్లాల్లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), ఆ తరువాత సర్వశిక్షా అభియాన్ ఈ ఏర్పాటును స్కూల్ కాంప్లెక్సులుగా, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్‌పీలు)గా విస్తరించాయి. కానీ బడిబడికీ తిరిగి పాఠంలో సాయపడాల్సిన సీఆర్‌పీ పనిలో పెద్ద భాగం క్రమంగా సమాచారం సేకరించి పంపడమే అయింది.

తనిఖీ అసలు అవసరమా అన్న ప్రశ్నకు పరిశోధనలు కొంత జవాబిచ్చాయి. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ముందుగా చెప్పకుండా వెళ్ళి చూసినప్పుడు, 2003లో 26.3 శాతం, 2010లో 23.6 శాతం ఉపాధ్యాయులు బడిలో లేరు. అధికారుల రాక పెరిగిన ఊళ్ళలో ఈ గైర్హాజరు తగ్గినట్లు కూడా అదే అధ్యయనంలో తేలింది. అయితే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగిన మరో ప్రయోగం రెండో వైపు చూపింది. 100 బడుల ఉపాధ్యాయులకు పిల్లల లోటుపాట్లు వివరించే నివేదికలిచ్చి, తరగతులను గమనించారు. చూస్తున్నంతసేపు వారు మెరుగ్గా బోధించారు, పిల్లల మార్కుల్లో మాత్రం ఏడాది చివర తేడా రాలేదు. అధికారి రాక ఉపాధ్యాయుణ్ణి బడికి రప్పించగలదు. పాఠం మారాలంటే దానికి వేరే తోడ్పాటు కావాలి. 2005లో ఇక్కడే మొదలైన ఇంకో ప్రయోగం పిల్లల ఫలితాలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చి చూడగా మార్కులు పెరిగాయి. అక్కడ కొలిచింది పిల్లవాడు ఎంత ముందుకు కదిలాడన్నది, పాత గ్రాంటులా ఒక్క రోజున నెగ్గాడా లేదా అన్నది కాదు.

గత పదేళ్ళలో తనిఖీలో చాలా భాగం ఫోనులోకి చేరింది. ఉపాధ్యాయుల ముఖ హాజరు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2025లో వచ్చింది. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల వివరాలూ, అంగన్‌వాడీలో పోషణ్ ట్రాకర్ యాపూ అలాగే వచ్చాయి. ఇద్దరు గుమాస్తాలున్న ఉన్నత పాఠశాలకు, గుమాస్తా లేని ఏకోపాధ్యాయ బడికి అడిగే వివరాలు ఇంచుమించు ఒకటే. ఆ వివరాలు నింపే సమయం రెండో తరగతి పిల్లల నుంచి తీసుకోవలసిందే.

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ పూర్వ ప్రాథమిక విద్యను, ఒకటి రెండు తరగతులను కలిపి ఐదేళ్ళ పునాది దశ అంది. దానికి అనుగుణంగా ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలను శాటిలైట్ ఫౌండేషన్ స్కూళ్ళుగా పేర్కొంది. 2022 నాటి జీవో 117 కింద 3, 4, 5 తరగతులను పలు పల్లె బడుల నుంచి ఉన్నత పాఠశాలలకు తరలించి, 2025లో ఆ జీవోను రద్దు చేసి మళ్ళీ వర్గీకరించింది. బడుల పేర్లు ఇన్నిసార్లు మారినా అంగన్‌వాడీ టీచరు జీతభత్యాలు, అజమాయిషీ మహిళా శిశు సంక్షేమ శాఖలోనే ఉన్నాయి. పునాది దశ ఒకటే అని విధానం చెబుతున్నప్పుడు, కనీసం పిల్లలు అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి మారే జూన్ నెలలోనైనా ఎంఈఓ, సూపర్‌వైజరు ఒకే రోజున కలిసి రెండు గదులూ చూసి ఒకే నివేదిక రాయాలి. దీనికి కొత్త యాప్ గాని, కొత్త పదవి గాని అక్కరలేదు. రెండు శాఖల కార్యదర్శులు కలిసి ఇచ్చే ఒక్క ఉత్తర్వు చాలు.