ఎర్ర చంద్రుడు, యోవేలు మాట

తిరుపతి,
2025 అక్టోబర్

పిల్లలూ,

పోయిన నెల 7వ తేదీ రాత్రి మీరంతా మా మేడ మీద చేరి ఒకటే గోల చేశారు గదా. పదకొండు దాటాక చంద్రుడు ఇటుక రంగుకు తిరిగేసరికి ఒక్కసారిగా గమ్మునైపోయారు. అప్పుడు మీలో చిన్నోడొకడు నా చొక్కా పట్టుకుని మెల్లిగా అడిగాడు: "తాతా, రక్త చంద్రుడంటే ఇదేనా? ఇంక రాకడేనా?" యేసు ప్రభువు మళ్లీ వచ్చే రోజు ఇదేనని వాళ్లమ్మ ఫోన్‌కు ఏదో మెసేజి వస్తే చదివేశాడంట. "కాదు నాయనా, భూమి నీడ, అంతే" అని సరిపెట్టాను. అది నిజమే గానీ వాడి భయం పోయేంత జవాబు కాదు.

ఆ తర్వాత రెండు వారాలకే దక్షిణాఫ్రికాలో ఒక బోధకుడు సెప్టెంబర్ 23, 24 తేదీల్లో సంఘం, అంటే విశ్వాసులంతా, ఆకాశానికి ఎత్తబడుతుందని చెప్పిన వీడియో ఊరంతా తిరిగింది. మీలో ఇద్దరు పరీక్షకు చదవడం కూడా మానేశారని తెలిసింది. ఎత్తబడేవాళ్లకు లెక్కల పరీక్ష ఎందుకని అడిగారంట. ప్రశ్నలో తప్పేం లేదు, తేదీలోనే తప్పుంది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

నీడ సంగతి మీ పుస్తకాల్లో ఉంది కాబట్టి తొందరగా చెప్పి వదిలేస్తాను. పౌర్ణమి రోజు సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి ఉంటుంది. చంద్రుడు తిరిగే దారి ఐదు డిగ్రీలు వాలి ఉంది కాబట్టి చాలా పౌర్ణములకు మన నీడకు పైనుంచో కింద నుంచో తప్పించుకుపోతాడు. తప్పించుకోలేని పౌర్ణమికి గ్రహణం. ఎరుపు ఎందుకంటే, భూమి చుట్టూ ఉన్న గాలిలో నుంచి వంగి పోయే వెలుగులో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ నిమిషాన లోకంలో ఎక్కడెక్కడ తెల్లవారుతోందో, ఎక్కడెక్కడ పొద్దు గుంకుతోందో ఆ రంగంతా చంద్రుడి మీద పడుతుందన్నమాట. గాలిలో దుమ్మెక్కువైతే రంగు ఇంకా నల్లబడుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడు డిసెంబర్ గ్రహణంలో చంద్రుడు చాలా చోట్ల దాదాపు కనపడకుండా పోయాడు. మన గాదంకిలో లేజర్ కాంతిని ఆకాశంలోకి పంపి గాలిలో దుమ్మెంతుందో కొలిచే పరిశోధనశాల ఉంది. ఎప్పుడైనా స్కూలు వాళ్లు తీసుకెళ్తే తప్పకుండా పోండి.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. ఆ మెసేజిలో ఉన్నది బైబిల్లో యోవేలు ప్రవక్త పుస్తకం 2వ అధ్యాయం 31వ వచనం. యెహోవా మహాదినం రాకముందు సూర్యుడు తేజోహీనుడవుతాడు, చంద్రుడు రక్తవర్ణమవుతాడు. దాన్ని ఒక్కదాన్నే కత్తిరించి పంపితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. దానికి ముందు వచనం చదవండి. రక్తం, అగ్ని, పొగ స్తంభాలు. ఇంకా వెనక్కి పోతే యోవేలు పుస్తకమే మిడతల దండుతో మొదలవుతుంది. దేశమంతా పచ్చటాకు మిగలకుండా తినేసిన మిడతలు. అవి ఆకాశాన్ని కమ్మితే సూర్యచంద్రులు మసకబారతారని అదే 2వ అధ్యాయం 10వ వచనంలో ఉంది.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు, మేడ మీద అర్థమైంది. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడింది. వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోశాయి. పౌర్ణమి పోయిన నాలుగో రోజో ఐదో రోజో, రాత్రి బాగా పొద్దుపోయాక చంద్రుడు పొగలో నుంచి పైకొచ్చాడు. రాగి చెంబు లోపల దీపం పెట్టినట్టున్నాడు. ఆ రోజు గ్రహణం లేదు. అగ్ని, పొగ, ఎర్రని చంద్రుడు, యోవేలు చెప్పిన వరసలోనే! యుద్ధంలో ఊళ్లు కాలుతుంటే చూసినవాళ్లకు ఈ మాట కొత్తగా ఉండదు. యోవేలు గ్రహణాన్నే తలుచుకున్నాడని గానీ, తలుచుకోలేదని గానీ నేను ఒట్టు పెట్టను. గ్రహణం ఒక్కటే దారి అని మాత్రం ఆ వచనంలో లేదు.

ప్రవక్తలు మాట్లాడే తీరు కూడా ఒకటుంది. యెషయా 13లో బబులోను కూలిపోవడం గురించి చెబుతూ సూర్యుడు చీకటవుతాడు, చంద్రుడు ప్రకాశించడు అంటాడు. యెహెజ్కేలు 32లో ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో గురించీ అదే భాష. బబులోను క్రీ.పూ. 539లో పారసీకుల చేతిలో పడింది, మర్నాడు సూర్యుడు మామూలుగానే వచ్చాడు. మనం "కొంప మునిగింది" అంటే ఎవరైనా బకెట్ పట్టుకొచ్చి నీళ్లు తోడతారా? పెంతెకొస్తు పండుగ రోజున యేసు శిష్యుడు పేతురు లేచి, యోవేలు చెప్పింది ఇదేనని ఆ వచనాలే వినిపించాడు. అంటే ఆయన లెక్కలో అంత్యదినాలు అప్పుడే మొదలయ్యాయి. బైబిలు చివరి పుస్తకం ప్రకటన 6లో, చుట్టిన గ్రంథం మీది ఆరో ముద్ర విప్పినప్పుడు మాత్రం సూర్యుడు కంబళిలా నలుపవుతాడు, చంద్రబింబమంతా రక్తవర్ణమవుతుంది, నక్షత్రాలు రాలతాయి. ఇది చివర్లో అక్షరాలా జరుగుతుందని నమ్మేవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు, నేను కాదనను. కానీ నక్షత్రాలు రాలే రోజుకూ క్యాలెండర్లో వేసిన గ్రహణానికీ పోలికెక్కడిది?

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 2014, 2015లో ఒకదాని వెంట ఒకటి నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వచ్చాయి: ఏప్రిల్ 15, అక్టోబర్ 8, మళ్లీ ఏప్రిల్ 4, సెప్టెంబర్ 28. రెండు యూదుల పస్కా పండుగకు, రెండు వాళ్ల పర్ణశాలల పండుగకు. అమెరికాలో జాన్ హేగీ లాంటి పాస్టర్లు ఇది ఇశ్రాయేలుకు పెద్ద సూచన అన్నారు. ఇలాంటి నాలుగు చంద్రుల వరస వచ్చినప్పుడల్లా యూదులకు ఏదో జరిగిందని 1493, 1949, 1967 చూపించారు. నేను ఆ వీడియో చూసి మురిసిపోయి సండే స్కూల్లో బోర్డు మీద ఎర్ర సుద్దముక్కతో నాలుగు గుండ్రాలు గీసి మరీ చెప్పాను. సైన్సు పాఠం ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి! తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, ఆ పూట యెరూషలేములో చంద్రుడు కనపడతాడా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి చూస్తే మొదటి మూడు గ్రహణాలూ యెరూషలేము వాళ్లకు పగటి పూట. చంద్రుడే లేడు. నాలుగోది ఒక్కటే తెల్లవారుజామున కనపడుతుంది. మన తిరుపతిలో సరిగా కనపడింది కూడా ఒక్కదాని తోకే, 2015 ఏప్రిల్ 4 సాయంత్రం.

సందు దొరికాక తవ్వుతూ పోయాను. స్పెయిన్ నుంచి యూదులను వెళ్లగొట్టింది 1492లో, చంద్రులు వచ్చింది మరుసటి ఏడు. ఇశ్రాయేలు దేశం ఏర్పడింది 1948 మేలో, చంద్రులు మొదలైంది 1949లో. అయిపోయాక వచ్చేదాన్ని సూచన అంటారా? ఒక్క 1967 యుద్ధం మాత్రం కుదిరింది. ఇంకో లెక్క చూసినప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. హిట్లర్ మనుషులు అరవై లక్షల మంది యూదులను చంపిన ఏళ్లలో ఇలాంటి వరస లేనే లేదు. 1927, 28లో ఒకటుంది, తర్వాతిది 1949. దేవుడు యూదుల కోసం ఆకాశంలో గంట కొట్టేవాడైతే ఆ ఏళ్లలో కొట్టకుండా ఉంటాడా? 1600 నుంచి 1900 దాకా మూడు వందల ఏళ్లలో ఒక్క వరసా లేదు. ఈ ఒక్క శతాబ్దంలోనే ఎనిమిది. తర్వాతిది 2032, 33లో. మళ్లీ వీడియోలు వస్తాయి, చూసుకోండి.

పండుగ రోజునే ఎందుకు పడతాయని అడుగుతారు. యూదుల నెల అమావాస్య వెళ్లాక నెలవంకతో మొదలవుతుంది, మన నెలల్లాగే. పస్కా, పర్ణశాలలు రెండూ పౌర్ణమి పండుగలు. చంద్రగ్రహణం పౌర్ణమికి తప్ప రాదు. పైగా ఆ రెండు పండుగల మధ్య సరిగ్గా ఆరు పౌర్ణములు. నాలుగు చంద్రుల వరసలో ఒక్కో గ్రహణానికీ మధ్య ఉండేది కూడా ఆరే. మొదటిది పస్కాకు తగిలితే రెండోది పర్ణశాలలకు తగలక ఎక్కడికి పోతుంది? యేసును సిలువ వేసిన రోజు మధ్యాహ్నం మూడు గంటల పాటు కమ్మిన చీకటి సూర్యగ్రహణం కాదని కూడా ఇందుకే చెప్పగలం. పస్కా పౌర్ణమికి సూర్యగ్రహణం రాదు, వచ్చినా సంపూర్ణంగా ఎనిమిది నిమిషాలు కూడా నిలవదు.

మత్తయి 24లో యేసు ప్రభువు ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదన్నాడు. నాసా వాళ్లు ఐదు వేల ఏళ్ల గ్రహణాలు లెక్కగట్టి పెట్టారు. మన పంచాంగం వాళ్లు నిమిషాలతో సహా అచ్చేస్తారు. రాకడ గ్రహణం రోజునే అయితే దేవదూతలకు కూడా తెలియని సంగతి ఉగాదికి ముందే అంగట్లో అమ్ముతున్నట్టు!

అయితే బైబిలు కాలానికి గ్రహణం పనికొచ్చిన చోటు ఒకటుంది. బేత్లెహేములో పసిబిడ్డలను చంపించిన హేరోదు రాజు గుర్తున్నాడుగా. అతని చివరి రోజుల గురించి జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడు రాశాడు. దేవాలయ ద్వారం మీద హేరోదు పెట్టించిన బంగారు గద్దను కుర్రవాళ్లు కొందరు గొడ్డళ్లతో నరికేశారు. వాళ్లను రెచ్చగొట్టిన బోధకుణ్ణి రాజు సజీవంగా కాల్పించాడు. ఆ రాత్రే చంద్రగ్రహణం పట్టిందని జోసెఫస్ మాట. కొన్నాళ్లకు, పస్కాకు ముందే, హేరోదు చచ్చాడు. లెక్క వెనక్కి తిప్పితే క్రీ.పూ. 4, మార్చి 13న యెరూషలేములో పాక్షిక గ్రహణం కనపడుతుంది. క్రీ.పూ. 1 జనవరి గ్రహణమని వాదించే పండితులూ ఉన్నారు గానీ ఎక్కువ మంది మొదటిదే ఒప్పుకుంటారు. హేరోదు బతికుండగా పుట్టాడు కాబట్టి, క్రీస్తు పుట్టింది క్రీస్తుకు పూర్వమే! మీ స్కూల్లో చెప్పి చూడండి, ఎవరూ నమ్మరు.

క్రీ.శ. 33 ఏప్రిల్ 3 సాయంత్రం యెరూషలేములో చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. చంద్రుడు రక్తమవుతాడన్న పేతురు మాటకు అదే ఆధారమనీ, సిలువ తేదీ అదేననీ ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 1983లో రాశారు. అంత చిన్న గ్రహణంలో ఎరుపు కనపడదని వేరేవాళ్లు కొట్టిపారేశారు. నాకు ఇష్టమైన వాదమే గానీ దాని మీద ప్రసంగం చేయను, ఒకసారి కాలింది చాలు.

యిర్మీయా 10లో ఆకాశంలో కనపడే చిహ్నాలకు భయపడొద్దని ఉంది. మీ అవ్వకు ఆ వచనం నోటికొచ్చు. అయినా మొన్న గ్రహణం రోజు ఊరగాయ జాడీ మీద గరిక పోచ కనపడింది. అడిగితే "గాలికి ఎగిరొచ్చిందేమో" అంది. నేను పొడిగించలేదు. ఆ రోజు కొండ మీద గుడి మధ్యాహ్నమే మూశారు. అటు శ్రీకాళహస్తిలో గ్రహణం వేళ కూడా తెరిచి అభిషేకాలు చేస్తారు. మీ స్నేహితుల ఇళ్లల్లో ఎవరి పద్ధతి వాళ్లది. దాన్ని పట్టుకుని మీరు ఎగతాళి చేశారని నా చెవిన పడకూడదు.

ఇంకొకటి ఇప్పుడే చెప్పి పెడుతున్నా. 2028 డిసెంబర్ 31 రాత్రి మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం. మనకు చక్కగా కనపడుతుంది, పదిన్నర ప్రాంతంలో బాగా ఎర్రగా ఉంటాడు. అది పాత సంవత్సరం చివరి రాత్రి ఆరాధన వేళ! ఎన్ని మెసేజిలు వస్తాయో ఇప్పటి నుంచే ఊహించుకోవచ్చు. పాస్టర్ గారిని అడిగి పాటలకూ ప్రసంగానికీ మధ్య ఒక పావుగంట బయటికి వదలమంటాను. చిన్నోడా, అప్పటికి నువ్వు నా భుజం దాకా వచ్చుంటావు. అవ్వ నడుం నొప్పితో ఎక్కువసేపు నిలబడలేదు, ఆమె కుర్చీ బయటికి మోసుకొచ్చే పని నీది.

మీ తాత