ముళ్ళయ్యనగిరి: ఎక్కకముందే భయపెట్టే అపోహలు - వాస్తవాలు

బెంగళూరులోని తెలుగు కుటుంబాలను వారాంతాల్లో చిక్కమగళూరు కొండలకు తీసుకెళ్లడం నా పని. అక్కడి ముళ్ళయ్యనగిరి శిఖరం గురించి, మారతహళ్లిలో బస్సు ఎక్కకముందే నేను వినే మాటలివి.

అపోహ: "కర్ణాటకలోకెల్లా ఎత్తైన శిఖరమట, అమ్మానాన్నల వల్ల కాదు."

వాస్తవం: శిఖరం ఎత్తు సుమారు 1,925 మీటర్లు. అయితే మనం ఉంటున్న బెంగళూరే దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. పైగా ఘాట్ రోడ్డు శిఖరానికి బాగా దగ్గరదాకా వెళ్తుంది. ఆ తర్వాత కొన్ని వందల మెట్లు. ఆగి ఆగి ఎక్కినా అరగంటలో అయిపోతుంది. సర్పదారి అనే కాలిబాట వేరు, అది నిటారు ట్రెక్. దాని వీడియోలు చూసి మెట్లదారికి టెన్షన్ పడకండి. మోకాళ్ల నొప్పులుంటే దిగేటప్పుడే ఎక్కువ బాధ, ఒక చేతికర్ర తెచ్చుకోండి.

అపోహ: "పైన ఆక్సిజన్ అందదు."

వాస్తవం: ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే. ఇక్కడి ఆయాసం మెట్లదే. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి రండి.

అపోహ: "చెట్లన్నీ కొట్టేశారు, ఉత్త గడ్డే కదా, ఎక్కడ నడిస్తే ఏం?"

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇదే. ఇది కొట్టేసిన అడవి కాదు. ఇక్కడి ప్రకృతే అంత: తేమ నిలిచే కొండ మడతల్లో షోలా అడవి (పొట్టిగా, దట్టంగా పెరిగే సతతహరిత చెట్లు), గాలి నేరుగా కొట్టే వాలుల మీద గడ్డి. వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా వాగుల్లోకి వదిలేది ఈ రెండూ కలిసే. ఈ కొండల వరుసలో పుట్టిన వేద, అవతి అనే ఏర్లు కలిసి వేదవతి నది అవుతుంది. మన అనంతపురం వాళ్లు హగరి అనే నది అదే, భైరవానితిప్ప ప్రాజెక్టు కట్టింది దాని మీదే. ఫొటో కోసం మెట్లు వదిలి వాలు మీదికి వెళ్తే గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. మరుసటి వానకు ఆ అడుగుజాడలే మట్టి కోసుకుపోయే కాలువలవుతాయి. దయచేసి దారి వదిలి దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి.

అపోహ: "వానాకాలంలోనే వ్యూ బాగుంటుంది."

వాస్తవం: పచ్చదనం అప్పుడే, నిజమే. కానీ చాలా రోజులు పొగమంచులో పక్క మనిషి కూడా కనబడడు, మెట్లు జారుతాయి. దూరపు కొండలు చూడాలంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్నే రావాలి. రద్దీ రోజుల్లో, భారీ వర్షాలప్పుడు వాహనాలను ఆపేస్తుంటారు, బయలుదేరే ముందే కనుక్కోండి.

పైన ముళ్ళప్ప స్వామి గుడి దగ్గర చెప్పులు విడవాలి. చలికాలం పొద్దున రాయి బాగా చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకు మేజోళ్లు వెంట పెట్టుకోండి.